అత్తగారి దిగుడు, సున్నం కొట్టిన రాయి

కొత్తగా హెవీ లైసెన్సు తీసుకున్నవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "నీ కాలంలో ఎంత స్పీడు పోతాంటివి తాతా?" నా జవాబు వింటే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. చింతామణిలో బెల్లం మూటలు ఎత్తుకుని బాగేపల్లికి బయలుదేరితే దారిలో రెండుసార్లు టీ, ఒకసారి రేడియేటర్‌కి నీళ్ళు, ఒకచోట గొర్రెల మందకి మర్యాద. చేరేసరికి సగం రోజు గడిచిపోయేది. మాకు స్పీడు మీద మోజు లేకపోలేదు, లారీకే ఓపిక లేదు. అయితే దిగుడు వచ్చిందంటే ఆ ముసలి లారీకి కూడా ఎక్కడలేని పరువం వచ్చేది. నా ఉద్యోగం అసలు సంగతంతా ఆ దిగుళ్ళలోనే ఉంది.

నా పేరు వెంకటరవణప్ప, ఊరు చిక్కబళ్ళాపురం. పందొమ్మిది వందల యాభైల నడుమ స్టీరింగు పట్టాను. ఎన్ని లారీలు మారాను, ఏ యజమాని దగ్గర ఎన్నేళ్ళు ఉన్నాను అన్నది ఇక్కడ రాయను. రాస్తే నాకే నిద్ర వస్తుంది. బ్రేకు గురించి రాస్తాను. బ్రేకు గురించి రాస్తే నా పెళ్ళి గురించి కూడా రాయక తప్పదు. ఎందుకంటే ఒకే రోజు, ఒకే మలుపులో ఆ రెండూ నా చెయ్యి జారిపోబోయాయి.

మస్తాన్ సాబు బీడీ

నాకు లారీ నేర్పింది మస్తాన్ సాబు. పొట్టి మనిషి, బక్క మనిషి. కింద గోనెపట్టా నాలుగు మడతలు వేసుకుంటే గానీ ఆయనకు రోడ్డు కనిపించేది కాదు. ఎదురొచ్చే బండివాళ్ళకి ఈ లారీని ఎవరూ తోలడం లేదనే అనిపించేది.

మొదటి రోజే నా చెప్పులు విప్పించాడు. "కాలికి తెలియాల రా రవణా. చెప్పుకి తెలిస్తే ఏమి లాభం?" అన్నాడు. తరవాత పెడల్ చూపించాడు. "దీన్ని తొక్కేది గాదు, అడిగేది. రవ్వంత అడుగు, ఇడువు. మళ్ళా అడుగు, ఇడువు. పట్టుకొని ఏలాడినావంటే అది నీ మాట ఇనేది మానేస్తాది."

నేను బుర్ర ఊపాను, వినలేదు. అప్పట్లో నంది కొండ మీదికి ఇసుక, ఇటుకలు తోలుతుండేవాళ్ళం. ఒకరోజు పైన ఇటుకలు దించి ఖాళీ లారీతో కిందికి వస్తున్నాం. మలుపులు చూసి భయమేసింది. మెల్లగా పోతే చాలు, అదే క్షేమం అనుకుని పైనుంచి కింద దాకా బ్రేకు మీద కాలు తియ్యకుండా నొక్కే ఉంచాను. సగం దిగేసరికి ఏదో మాడిన వాసన. ఎవరి పొలంలోనో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. కింద ఆపాక సాబు దిగి, పొగలు కక్కుతున్న వెనక చక్రం దగ్గరికి పోయి, బీడీ ముట్టించుకునేటట్టు వంగి నాకేసి చూశాడు.

"అగ్గిపెట్టె మిగిలిందప్పా" అన్నాడు.

ఆ పొద్దు నాకు తెలిసింది ఇది. మెల్లగా పోవడం వేరు, మెల్లగా ఉంచడం వేరు. బ్రేకు నొక్కిపెట్టి దిగితే లోపలి డ్రమ్ములు కాలి, పట్టు పోయి, పెడల్ వెన్నముద్దలాగా కిందికి దిగిపోతుంది. లారీని పట్టి ఉంచాల్సింది ఇంజను. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. ఆ గేరు దిగుడు పైనే వేసుకోవాలి. ఆ కాలపు గేర్లకి పొగరెక్కువ. దిగుడు మధ్యలో మార్చబోతే ఉన్నది ఊడుతుంది, కొత్తది పడదు. ఇది నా మొదటి పాఠం. దీన్ని నేను నేర్చుకున్నాను, చాలా గొప్పగా నేర్చుకున్నాను, తరవాత ఇంకా గొప్పగా మరిచిపోయాను.

రాళ్ళ వరస

చింతామణి నుంచి చేలూరు మీదుగా బాగేపల్లి పోయే దారిలో అప్పట్లో ఒక దిగుడు ఉండేది. డ్రైవర్లు దాన్ని అత్తగారి దిగుడు అనేవాళ్ళు. పైనుంచి చూస్తే ఎంతో మెత్తగా, నవ్వుతున్నట్టు కనిపించేది. సగంలో పట్టుకునేది. నిలువుగా దిగి, ఎడమకి ఒక మలుపు తిరిగి, అక్కడినుంచి మైలు దాకా చదునుగా పోయేది.

అప్పటి మా యజమాని లారీ ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు గానీ సలహాలకి కొదవ లేదు. "దిగేదానికి పెట్రోలెందుకప్పా? ఆపేసి న్యూట్రల్‌లో ఇడువు, అదే పోతాది" అనేవాడు. కుర్చీలో కూర్చుని బ్రేకు గురించి మాట్లాడేవాళ్ళ మాట వినకండి. నేను విన్నాను. నేనే కాదు, ఆ దారిలో తిరిగే కుర్రడ్రైవర్లందరం విన్నాం. విని ఊరుకున్నామా? పందెం పెట్టుకున్నాం. దిగుడు పైన ఇంజను ఆపెయ్యాలి, న్యూట్రల్ చెయ్యాలి, వదిలెయ్యాలి. చదునులో లారీ తనంతట తాను ఎక్కడ నిలిస్తే అక్కడ రోడ్డు పక్కన ఒక రాయి పెట్టి, సున్నం కొట్టి, దాని మీద ఎర్రమన్నుతో మన గుర్తు వెయ్యాలి. టీకొట్టు దగ్గర నాలుగు రాళ్ళు, చింతచెట్టు దగ్గర రెండు, అవతల, రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీ దగ్గర ఒకే ఒక్క రాయి. అది నాది. దాని మీద నా గుర్తు, గొడుగు బొమ్మ.

నిజం చెప్పేస్తాను. ఆ వదిలెయ్యడంలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు. ఇంజను మోత ఆగిపోయి, గాలి ఒక్కటే వినిపిస్తూ, బెల్లం మూటల బరువంతా వెనకనుంచి నెట్టేది. నేను గట్టిగా నవ్వేవాణ్ణి. మా క్లీనర్ మునెప్పకి యాభై దాటాయి. చక్రం కింద పెట్టే చింతమొద్దుని ఒళ్ళో పట్టుకుని, కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ వరసపెట్టి పిలిచేవాడు. దిగుడు అయిపోయేసరికి పక్క తాలూకా దేవుళ్ళ దాకా వెళ్ళిపోయేవాడు.

ఆ వరసలో మస్తాన్ సాబు రాయి లేదు. ఎందుకు లేదని అడిగాను.

"నాకు సాయంత్రం ఇంటికి పోయే పని ఉండాదప్పా" అన్నాడు.

గాజుల శెట్టి పెట్టిన పరీక్ష

బాగేపల్లిలో గాజుల నారాయణశెట్టి అని మా దూరపు బంధువు. భుజాన మలారం వేసుకుని ఊరూరా తిరిగి గాజులు తొడిగేవాడు. మలారం అంటే తాళ్ళకి గుత్తులుగా ఎక్కించిన గాజుల మోపు. ఆయన కూతురు నాగవేణి. చింతామణిలో చుట్టాల పెళ్ళిలో ఒక్కసారి చూశాను. నా ఖాకీ చొక్కా మీద గ్రీజు మరకలు చూసి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతే. వారం రోజులు నేను గేర్లు తప్పు వేశాను.

మా అమ్మ మాట కదిపింది. నారాయణశెట్టికి మా ఇల్లు నచ్చింది, నా పని నచ్చలేదు. లారీ డ్రైవర్‌కి పిల్లనిస్తే పిల్ల మెడలో తాళి ఎన్నాళ్ళుంటుందో ఎవరు చెప్పాలి అన్నది ఆయన భయం. అందులో తప్పు లేదు. బాగా ఆలోచించి ఆయన తన వృత్తికి తగిన పరీక్ష ఒకటి పెట్టాడు.

"చింతామణిలో కొత్త సరుకు ఎత్తుకొని నీ లారీలోనే వస్తా. మలారం నీ ముందర యాలాడేస్తా. మా ఊరు చేరేలోపల ఒక్క గాజు చిట్లినా ఈ మాట యాడిదాడే మరిచిపోదాం. అన్నీ బాగుంటే ఆ పొద్దే తాంబూలాలు మార్చుకుందాం" అన్నాడు.

ఆ రోజు తెల్లవారుజామునే లేచి లారీని కడిగాను, చక్రాలు కూడా కడిగాను, మునెప్పని కూడా కడుక్కోమన్నాను. వెనక బెల్లం మూటలు. ముందు నేను, నడుమ శెట్టిమామ కొత్త తలపాగాతో, ఆ చివర మునెప్ప. అద్దం పైన కమ్మీకి మలారం.

చెప్తే నమ్మరు, ఆ మలారం నాకు సాబు చెప్పని సంగతులు చెప్పింది. బ్రేకు రవ్వ గట్టిగా పడితే గాజులన్నీ ముందుకి ఊగి గలగలమనేవి. శెట్టిమామ కనుబొమ్మలు పైకి లేచేవి. నేను కాలు సర్దుకునేవాణ్ణి. ముందే చూసి, ముందే గేరు తగ్గించి, చివరికి పాదంతో తాకీ తాకనట్టు తాకితే ఒక్క గాజు కూడా పలికేది కాదు. చేలూరు చేరేసరికి ఆ లారీ నడుస్తున్నట్టే లేదు. శెట్టిమామ రెండుసార్లు కునుకు తీశాడు. నా అంత డ్రైవర్ మైసూరు రాష్ట్రంలో లేడని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాను.

దిగుడు పైన కూడా ఒక టీకొట్టు ఉంది, అక్కడ ఆపాం. మునెప్ప ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "శెట్టీ, కింద రాళ్ళు ఉండాయి సూడు. మన రవణ రాయే అందరికన్నా ముందర" అని మొదలుపెట్టి పందెం కథంతా చెప్పేశాడు. టీ పోసే ఆయన అందుకుని, "ఆ కథ పాతదైపోయింది లేప్పా. మొన్న కోలారోడు ఒకడు నీ గొడుగు దాటి పెట్టినాడు రాయి" అన్నాడు.

నా మొహం మాడింది. అంతకంటే ఎక్కువగా శెట్టిమామ మొహం మాడింది. ముప్పై ఏళ్ళుగా గాజులు చిట్లకుండా మెత్తగా నడిచిన మనిషి. జీవితంలో ఎన్నడూ పరిగెత్తి ఉండడు. లారీ ఎక్కి కూర్చుని మలారం ఒకసారి సర్దాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక్కసారి ఇడిస్తే ఏమైతాది?"

"వద్దు మామా. గేరులోనే దించాల" అన్నాను. అప్పటికే రెండో గేరు వేసి ఉన్నాను కూడా.

"అంటే నా అల్లుడు కోలారోనికన్నా ఎనకనా?"

అల్లుడు అన్నాడు. తాంబూలాలు ఇంకా మార్చుకోలేదు, అప్పుడే అల్లుడు అన్నాడు. నాకు ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ వినిపించలేదు. న్యూట్రల్ చేశాను. ఇంజను ఆపేశాను.

ఉలవల మీద

లారీ కదిలింది. మెల్లగా, తరవాత అంత మెల్లగా కాదు. గాలి లోపలికి దూరింది. శెట్టిమామ తలపాగా కొస ఊడి, మొత్తం విచ్చుకుని కిటికీలోంచి ఎగిరిపోయింది. ఆయన దాని వంక కూడా చూడలేదు. "పోనీ, పోనీ" అంటూ తొడలు చరుచుకుంటున్నాడు. నేను నవ్వుతున్నాను, ఆయన నవ్వుతున్నాడు, మునెప్ప మొద్దు పట్టుకుని దేవుళ్ళని పిలుస్తున్నాడు. అంత సంతోషంగా ముగ్గురు మనుషులు చావుకి ఎదురుపోవడం ఎక్కడా జరిగి ఉండదు.

మలుపు దగ్గర స్పీడు తగ్గించడానికి బ్రేకు పట్టాను. అడగలేదు, పట్టుకుని వేలాడాను. మలుపు తిరిగింది. తిరగగానే ఎదురుగా రోడ్డు నిండా ఉలవలు.

మా వైపు ఉలవల పంట కోశాక చెట్లని ఎండబెట్టి, తెచ్చి తారురోడ్డు మీద మోకాలెత్తు పరుస్తారు. వచ్చేపోయే బండ్ల చక్రాలు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. లారీ వస్తే వాళ్ళకి పండగ. మేము కూడా సంతోషంగా తొక్కించేవాళ్ళం. అయితే ఆ గడ్డి మీద బ్రేకు వేశావో, చక్రం ఆగిపోతుంది, లారీ ఆగదు. నూనె పోసిన బండ మీద జారినట్టు జారుతుంది. సాబు ఎన్నిసార్లో చెప్పాడు: గడ్డికి ముందే నెమ్మదించు, గడ్డి మీద కాలు తియ్యి.

ఆడవాళ్ళు లారీని చూసి నవ్వుతూ పక్కకి జరిగారు. ఒక్క అవ్వ జరగలేదు. గడ్డికి అవతలి కొసన, రోడ్డు నడిమధ్య, మా వైపు వీపు పెట్టి కూర్చుని చేటలో గింజలు ఏరుకుంటోంది. ఇంజను మోత లేదు కదా, లారీ వస్తున్నట్టు ఆమెకి ఎలా తెలుస్తుంది? హారన్ కొట్టాను. కదల్లేదు. ఆ అవ్వకి చెవుడని తరవాత తెలిసింది.

గేరు వేయబోయాను, కరకరమని తిట్టింది, పడలేదు. బ్రేకు తొక్కాను. పెడల్ సగం దాకా మెత్తగా దిగిపోయింది, మిగిలిన సగానికి చక్రాలు బిగుసుకున్నాయి. లారీ గడ్డి మీదికెక్కి, వెనక భాగం పక్కకి తిరుగుతూ, నేరుగా అవ్వ మీదికి జారుతోంది. స్టీరింగు తిప్పుతున్నాను, అది ఊరికే తిరుగుతోంది. అవ్వ జుట్టుముడి నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది, వక్కకాయంత ముడి.

కాలు తీశాను.

నా ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు. ఎదురుగా మనిషి ఉంటే బ్రేకు మీదినుంచి కాలు తియ్యమంటే ఆ కాలు మీ మాట వినదు, చూడండి. తీశాక చక్రాలు మళ్ళీ తిరిగాయి. తిరిగాక స్టీరింగుకి ప్రాణం వచ్చింది. ఎడమకి కోసేశాను. లారీ రోడ్డు దిగి, గట్టు దాటి, అప్పుడే దున్ని వదిలిన చేనులోకి దూరి, ఇరుసుల దాకా కూరుకుపోయి ఆగింది.

ఎక్కడో ఒక్క గాజు టింగుమంది. చూస్తే శెట్టిమామ మలారాన్ని చంటిపిల్లలాగా గుండెకి హత్తుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, సీటు కింద ఉన్నాడు.

కోడళ్ళు పట్టుకుని లేపితే అవ్వ మా దగ్గరికి వచ్చింది. లారీని చుట్టూ తిరిగి చూసింది. "ఏమప్పా, ఉలవలు తొక్కియ్యమంటే దున్నిన చేన్ని మళ్ళా దున్నినావే" అంది. తాను చావబోయిందని కోడలు చెవిలో అరిచి చెప్తే నమ్మలేదు. నా మొహం చూసి మాత్రం కొంగు ముడి విప్పి ఉడకబెట్టిన ఉలవలు గుప్పెడు నా చేతిలో పోసింది. అవి తింటూ నేను ఏడ్చాను. సిగ్గేమీ లేదు, ఏడ్చాను.

నాగవేణి అడిగిన మాట

నాలుగు జతల ఎద్దులు కట్టి లారీని రోడ్డెక్కించారు. బాగేపల్లి దాకా రెండో గేరు తియ్యలేదు. ఊరు కనిపించే ముందు శెట్టిమామ మలారం మొత్తం తడిమి చూశాడు.

"ఒక్కటీ చిట్లల్యా. మాట మాటే, తాంబూలాలు ఈ పొద్దే" అన్నాడు. గాజులు సర్దుతూ, "ఇంట్లో మాత్రం ఏమీ చెప్పొద్దప్పా" అన్నాడు.

ఇంటి దగ్గర చాప పరిచి, పళ్ళేలు పెట్టి సిద్ధంగా ఉన్నారు. శెట్టిమామ తలపాగా లేకుండా, చెవుల నిండా మన్నుతో లోపలికి నడిచాడు. నాగవేణి మలారం అందుకుని గోడకి తగిలించబోయి ఆగింది. గాజుల మధ్యనుంచి ఒక ఎండు కాయ తీసింది.

"నాయనా, గాజుల్లోకి ఉలవలెట్లొచ్చె?"

"గాలమ్మా. ఈ పొద్దు బలే గాలి" అన్నాడు శెట్టిమామ.

ఆమె నాకేసి తిరిగింది. పెళ్ళికూతురు అలా నేరుగా అడగడం ఆ రోజుల్లో లేదు. వాళ్ళమ్మ మోచేత్తో పొడుస్తూనే ఉంది. "నువ్వు చెప్పు, యాడివి ఈ ఉలవలు?"

గాజులన్నీ బాగున్నాయి. పరీక్ష గెలిచాను. ఒక్క అబద్ధం చెప్తే పెళ్ళి అయిపోతుంది. అవ్వ జుట్టుముడి గుర్తొచ్చింది. దిగుడు, పందెం, రాయి, అవ్వ, చేను, అన్నీ చెప్పేశాను. శెట్టిమామ పేరు మాత్రం ఎత్తలేదు. ఆయన వాసాలు లెక్కపెడుతున్నాడు.

"ఇంజను ఆపమన్నది మా నాయనేనా?"

"ఆపింది నేను" అన్నాను.

"మా నాయన మాటకి ఆపినోడివి, రేపు ఇంకొకరి మాటకి ఆపవా?" అని లోపలికి వెళ్ళిపోయింది. పళ్ళేలు అలాగే ఉన్నాయి. నేను లేచాను. చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి గొంతు వినిపించింది. "ఆ రాయి తెచ్చి మా గడపకాడ పెట్టమనమ్మా. అప్పుడు సూద్దాం."

మర్నాడు పొద్దున్నే పోయాం, నేనూ మునెప్పా. శెట్టిమామ పిలవకుండానే ఎక్కి కూర్చున్నాడు. మోరీ దగ్గర గొడుగు గుర్తు రాయి పెకలించి ఎత్తుకుంటుంటే కింది టీకొట్టు దగ్గర డ్రైవర్లు ఈలలు వేశారు. ఆ రాయిని మామ దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. గడప దగ్గర పెడితే నాగవేణి వచ్చి వంగి చూసింది.

"ఇంతేనా? గుమ్మడికాయంత కూడా ల్యా" అంది. మునెప్ప నవ్వు ఆపుకోలేక వీధిలోకి పరిగెత్తాడు.

కడపటి మాట

మీ లారీలకి ఇప్పుడు గాలి బ్రేకులు. మంచిదే. కానీ దిగుడు దిగుడే, డ్రమ్ము డ్రమ్మే, పక్క సీటులో కూర్చుని "ఇడువు, ఇడువు" అనేవాళ్ళు కూడా అలాగే ఉన్నారు. ఆ సీటులో యజమాని ఉన్నా, మామ ఉన్నా, కాలు మీది. ఇంతకంటే పెద్ద సంగతి నాకు తెలియదు. ఆ రాయి చాలా ఏళ్ళు నా లారీలోనే చక్రం కింద పెట్టడానికి పనికొచ్చింది. ఇప్పుడు దాని మీద నాగవేణి చింతపండు దంచుతుంది. ఆ దిగుడు పేరు కూడా మారింది. డ్రైవర్లు దాన్ని మామగారి దిగుడు చేసేశారు. శెట్టిమామ బతికినంతకాలం ఆ పేరు విని సిగ్గుపడుతూ సంబరపడేవాడు.

మరుసటి ఏడు ఉలవల కాలంలో నాగవేణిని మొదటిసారి ఆ దారిన లారీలో తీసుకుపోయాను. దిగుడు పైన రెండో గేరు వేశాను. చీమలు దాటుకుపోయేంత మెల్లగా దిగాం. ఆమె చేతి నిండా పచ్చగాజులు, ఒక్కటీ పలకలేదు. మలుపు తిరిగితే రోడ్డు నిండా ఉలవలు. గడ్డికి ముందే పూర్తిగా ఆపాను. అదే అవ్వ చేట పట్టుకుని లేచి, నా మొహం గుర్తుపట్టి, కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, ఈ పొద్దు చేను దున్నేది ల్యా?"

నాగవేణి నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, డాష్‌బోర్డు మీద వాలిపోయి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. లారీ నిలబడే ఉంది, బ్రేకు మీద నా కాలు లేదు, గాజులు మాత్రం గలగలా మోగుతూనే ఉన్నాయి.